సంతకం ఉన్న ఫైలు కూడా యాడ్‌వేర్ కావచ్చు

ప్రశ్న:

నమస్తే అన్నా. పరకాలలో నాకు చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. దోస్త్ (డిగ్రీ సీట్ల) అప్లికేషన్లు, స్కాలర్‌షిప్‌లు, ఆధార్ ప్రింట్లు, పెళ్లి కార్డుల డీటీపీ, అన్నీ ఒకే సిస్టమ్ మీద నడుస్తాయి. విండోస్ 10. మొన్న ఎవరికో అర్జెంటుగా కావాలంటే ఒక ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్ డౌన్‌లోడ్ చేసి వేసుకున్నాను. అప్పటి నుంచి క్రోమ్ తెరిస్తే గూగుల్ బదులు ఇంకేదో సెర్చ్ పేజీ వస్తోంది. కింద కుడి మూలన బెట్టింగ్ యాడ్స్, ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది’ అనే బాక్సులు పడుతున్నాయి. ఒక ఫ్రెండ్ చెబితే ఫైళ్ల మీద రైట్ క్లిక్ కొట్టి డిజిటల్ సిగ్నేచర్ ఉందా లేదా చూశాను. యాప్‌డేటాలో రోమింగ్ అనే ఫోల్డర్లో కన్వర్టర్ తాలూకు అప్‌డేటర్ ఫైలు ఉంది. దానికి సంతకం ఉంది, ‘ఓకే’ అని కూడా చూపిస్తోంది. సంతకం చేసింది ఎప్పుడూ వినని ఒక ఎల్ఎల్‌సీ కంపెనీ. విండోస్ ఫోల్డర్లో ఉన్న నోట్‌ప్యాడ్‌కేమో అసలు సంతకమే లేదు! సంతకం లేనివన్నీ డిలీట్ కొట్టమంటున్నాడు ఫ్రెండ్. హనుమకొండలో ఒక షాపులో అడిగితే ఫార్మాట్ ఒక్కటే దారి అన్నారు. ఫార్మాట్ అంటే పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు అన్నీ మళ్లీ ఎక్కించాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

ఒక పాఠకుడు, పరకాల

సమాధానం:

తమ్ముడూ, మొదటి మాట: నోట్‌ప్యాడ్ జోలికి వెళ్లకు. విండోస్ ఫోల్డర్లో సంతకం కనిపించని ఫైళ్లన్నీ డిలీట్ కొట్టుకుంటూ పోతే యాడ్‌వేర్ (అడక్కుండా యాడ్స్ చూపించి, సెర్చ్ పేజీ మార్చే ప్రోగ్రామ్) ఎక్కడిదక్కడే ఉంటుంది, విండోస్ మాత్రం లేవకుండా పోతుంది. నీ ఫ్రెండ్ మంచి మనసుతోనే చెప్పాడు కానీ సగం తెలిసి చెప్పాడు.

రెండో మాట ఇంకా ముఖ్యం. ఈ సిస్టమ్ శుభ్రం అయ్యేదాకా దాని మీద ఎవరి బ్యాంకు పనీ, ఆధార్ ఓటీపీ పనీ, ఫీజు పేమెంటూ పెట్టుకోకు. నీ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి వస్తారు. ఫోను నీ చేతికే ఇచ్చి ‘నువ్వే కొట్టు బిడ్డా’ అంటారు. వాళ్ల నంబర్లు, ఓటీపీలు, కాగితాలు అన్నీ ఆ ఒక్క మెషీన్ గుండానే పోతున్నాయి. సొంత ల్యాప్‌టాప్‌లో యాడ్‌వేర్ పడితే చిరాకు ఒకరిదే. సెంటర్ మెషీన్‌లో పడితే దాని కింద ఎంతమంది ఉన్నారో మనకే లెక్క తెలియదు. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదువు. వేరే సిస్టమ్ దొరికితే పని దానికి మార్చు. దొరక్కపోతే రెండు రోజులు జిరాక్స్, ప్రింట్లతోనే నడిపించు. నీ జీమెయిల్, సెంటర్ లాగిన్ల పాస్‌వర్డ్‌లు ఫోన్ నుంచి మార్చెయ్. ఇదే మెషీన్ ముందు కూర్చుని మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా అదే దారిన పోవచ్చు.

ఇక నీ అసలు ప్రశ్న. డిజిటల్ సిగ్నేచర్ అంటే నీకు వెంటనే గుర్తొచ్చేది టెండర్లు వేసే కాంట్రాక్టర్లు, జీఎస్టీ చూసే అకౌంటెంట్లు తెచ్చే యూఎస్‌బీ టోకెన్. మన దేశంలో దానికి 2000 నాటి ఐటీ చట్టం ఆధారం. ప్రోగ్రాములకు పెట్టే సంతకం వేరే ఏర్పాటు, కానీ లోపల లెక్క అదే. ఫైలులోని ప్రతి బైటునూ కలిపి ఒక గుర్తింపు సంఖ్య తీస్తారు. దాన్ని హ్యాష్ అంటారు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో తీస్తే అది 64 అంకెలు, అక్షరాల పొడవు ఉంటుంది. ఫైలులో ఒక్క అక్షరం మార్చినా హ్యాష్ పూర్తిగా వేరే వస్తుంది. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు తమ రహస్య కీతో ఆ హ్యాష్ మీద సంతకం చేసి, తామెవరో చెప్పే సర్టిఫికెట్‌ను ఫైలుకు జత చేస్తారు. ఆ సర్టిఫికెట్లు ఇచ్చేది డిజిసర్ట్, సెక్టిగో, గ్లోబల్‌సైన్ లాంటి సంస్థలు. విండోస్‌లో ఈ ఏర్పాటు పేరు ఆథెంటికోడ్, 1996 నుంచి నడుస్తోంది. 2023 జూన్ నుంచి ఈ రహస్య కీలను కూడా టోకెన్ లాంటి హార్డ్‌వేర్‌లోనే దాచాలనే నియమం వచ్చింది. అంతకు ముందు చాలామంది మామూలు ఫైలుగా కంప్యూటర్లోనే ఉంచుకునేవాళ్లు, దొంగతనాలూ అలాగే జరిగేవి.

ఇంత ఏర్పాటు చేసి అది చెప్పేది ఏంటి? ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా మీద అడ్తి దుకాణం పేరు, విప్పని కుట్టు చూస్తే నీకు రెండు సంగతులు తెలుస్తాయి: బస్తా ఎవరిది, మధ్యలో ఎవరైనా విప్పారా లేదా. లోపల ఎర్ర కాయ ఉందో తాలు ఉందో ఆ కుట్టు చెప్పదు. ప్రోగ్రామ్ సంతకం కూడా అంతే. ‘ఈ ఫైలు ఫలానా కంపెనీది, వాళ్లు సంతకం చేశాక దీన్ని ఎవరూ మార్చలేదు’ అనేంత వరకే దాని పూచీ. ఆ కంపెనీ మంచిదా, ఆ ప్రోగ్రామ్ నీ క్రోమ్‌ను ఏం చేస్తుంది అనేవి దాని లెక్కలో లేవు.

యాడ్‌వేర్ వాళ్లు చాటున దాక్కునే దొంగలని మనం అనుకుంటాం. చాలాసార్లు వాళ్లవి రిజిస్టరైన కంపెనీలే. కాగితాలు చూపించి, డబ్బు కట్టి, సర్టిఫికెట్ తీసుకుంటారు. ఇచ్చే సంస్థ చూసేది ఆ పేరుతో కంపెనీ నిజంగా ఉందా అని మాత్రమే. వాళ్లు రేపు ఏ ప్రోగ్రామ్ వదులుతారో ముందే కూర్చుని పరీక్షించదు. ఫిర్యాదులు పెరిగితే సర్టిఫికెట్ రద్దవుతుంది, వాళ్లు ఇంకో పేరుతో ఇంకోటి తీసుకుంటారు. సంతకం కోసం వాళ్లు ఎందుకు ఖర్చు పెట్టుకుంటారో కూడా చెబుతాను. సంతకం లేని ఇన్‌స్టాలర్ నడిపితే విండోస్ పసుపు పట్టీ వేసి ‘పబ్లిషర్: అన్‌నోన్’ అని హెచ్చరిస్తుంది. సంతకం ఉంటే నీలం పట్టీ, ‘వెరిఫైడ్ పబ్లిషర్’ అని ఒక పేరు. కౌంటర్ దగ్గర మనుషులు నిలబడి ఉన్నప్పుడు నీలం కనిపిస్తే ఎవరైనా ‘ఎస్’ కొట్టేస్తారు. వాళ్లు కొనుక్కున్నది ఆ నీలం రంగే.

పెద్ద కంపెనీల పేర్లకు కూడా ఈ ప్రమాదం వచ్చింది. మన షాపుల్లో చాలా సిస్టమ్‌లలో కనిపించే, చెత్త ఫైళ్లు తుడిచే సీసీక్లీనర్ ఉంది కదా. 2017లో దాన్ని తయారుచేసే చోటికే దొంగలు చొరబడి 5.33 వెర్షన్‌లో మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) కలిపారు. అది అధికారిక సైట్ నుంచే, అసలైన సంతకంతోనే, సుమారు 22.7 లక్షల మంది కంప్యూటర్లలోకి వెళ్లింది. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే మాల్‌వేర్ అయితే తైవాన్ కంపెనీలు రియల్‌టెక్, జేమైక్రాన్‌ల సర్టిఫికెట్లు దొంగిలించి వాటితో సంతకం చేసుకుంది. ఇలాంటివి అరుదు. నీ మెషీన్‌లో ఉన్నది అంత పెద్ద సరుకు కూడా కాదు. కానీ ‘సంతకం ఓకే అంది కాబట్టి ఫైలు మంచిదే’ అనే మాట మీద ఎక్కడా ఆగిపోకూడదని చెప్పడానికి ఇవి రాశాను.

నోట్‌ప్యాడ్ సంగతి విను. విండోస్ సొంత ఫైళ్లలో చాలావాటికి సంతకం ఫైలు లోపల ఉండదు. మైక్రోసాఫ్ట్ వాటి హ్యాష్‌లన్నీ కేటలాగ్ అనే వేరే ఫైళ్లలో రాసి, ఆ కేటలాగ్ మీద సంతకం చేస్తుంది. సి డ్రైవ్‌లో విండోస్, దాంట్లో సిస్టమ్32, దాంట్లో క్యాట్‌రూట్ అనే ఫోల్డర్లో అవి ఉంటాయి. రైట్ క్లిక్‌తో వచ్చే ప్రాపర్టీస్ విండో ఆ కేటలాగుల దాకా వెళ్లి వెతకదు. అందుకే నీకు సిగ్నేచర్ ట్యాబే కనిపించలేదు. ఇక సంతకానికి డబ్బు పెట్టలేని, పెట్టని మంచి సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. ఫైళ్లను జిప్ చేసే 7-జిప్ ఇన్‌స్టాలర్ ఏళ్లుగా సంతకం లేకుండానే వస్తూ వచ్చింది, దానివల్ల అది చెడ్డది అయిపోలేదు.

మరి సంతకం చూసి ఏం లాభం అంటావా? చాలా లాభం ఉంది, కాకపోతే ఉందా లేదా అని చూడటంలో లేదు. ఎవరి పేరు ఉంది, ఆ పేరు ఆ ఫైలుకు నప్పుతోందా అని చూడటంలో ఉంది.

ఎలా చూడాలో వరసగా చెబుతాను. అనుమానం ఉన్న ప్రోగ్రామ్ నడుస్తూ ఉంటే టాస్క్ మేనేజర్ తెరిచి దాని మీద రైట్ క్లిక్ కొట్టు, ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కు. ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో తెరుచుకుంటుంది. ఆ ఫోల్డర్ అడ్రస్ ముందు కాగితం మీద రాసుకో. తర్వాత ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ‘డిజిటల్ సిగ్నేచర్స్’ ట్యాబ్. అక్కడ జాబితాలో పేరు కనిపించగానే చాలనుకోకు. సంతకం చెడిపోయినా పేరు ఆ జాబితాలో కనిపిస్తూనే ఉంటుంది. పేరు మీద ఒకసారి నొక్కి, పక్కన ‘డీటెయిల్స్’ బటన్ నొక్కాలి. అప్పుడు వచ్చే చిన్న విండోలో పైనే సంగతి ఉంటుంది: ‘దిస్ డిజిటల్ సిగ్నేచర్ ఈజ్ ఓకే’ అనో, ‘నాట్ వ్యాలిడ్’ అనో, సర్టిఫికెట్ రద్దయిందనో. అక్కడే ‘వ్యూ సర్టిఫికెట్’ నొక్కితే అది ఎవరికి ఇచ్చారు, ఎవరు ఇచ్చారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అనేవి కనిపిస్తాయి. తేదీ దాటిపోయిందని మాత్రం కంగారు పడకు. నీ పాత ప్రింటర్ డ్రైవర్ సర్టిఫికెట్ గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. సంతకం చేసిన రోజున గడువు ఉందని టైమ్‌స్టాంప్ (సంతకంతో పాటు పడే తేదీ ముద్ర) రుజువు చేస్తే ఆ సంతకం ఇప్పటికీ చెల్లుతుంది.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటి ఉంది. అదే ప్రాపర్టీస్ విండోలో ‘డీటెయిల్స్’ అని ఇంకో ట్యాబ్ ఉంటుంది. ప్రోడక్ట్ పేరు, కాపీరైట్ అన్నీ అక్కడ రాసి ఉంటాయి. ఆ ట్యాబ్‌లో ‘మైక్రోసాఫ్ట్ కార్పొరేషన్’ అని ఉంటే అది మైక్రోసాఫ్ట్‌దే అనుకుంటారు. ఆ వివరాలు ప్రోగ్రామ్ రాసినవాడు తన ఇష్టం వచ్చినట్టు టైపు చేసుకునేవి, వాటిని ఎవరూ తనిఖీ చేయరు. అక్కడ మైక్రోసాఫ్ట్ అని రాసి ఉండి, సంతకం ట్యాబ్ లేకుండా, ఫైలు వచ్చి యాప్‌డేటాలోనో టెంప్ ఫోల్డర్లోనో కూర్చుని ఉంటే, అది దొంగ పేరు పెట్టుకున్న ఫైలు అని దాదాపు తేలిపోయినట్టే. ఎస్‌వీసీహోస్ట్ అనే విండోస్ సొంత ప్రోగ్రామ్ పేరు విని ఉంటావు. అసలుది సిస్టమ్32 ఫోల్డర్ నుంచి నడుస్తుంది. అదే పేరుతో రోమింగ్ ఫోల్డర్లో ఏదైనా కనిపిస్తే సంతకం దాకా వెళ్లక ముందే దాన్ని అనుమానించాలి. అలాగని యాప్‌డేటాలో ఉన్నవన్నీ చెడ్డవి కావు, జూమ్ లాంటివి కూడా అక్కడే ఉంటాయి. పేరు, చోటు, సంతకం మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. అడోబ్ రీడర్ అని చెప్పుకునే ఇన్‌స్టాలర్ మీద అడోబ్ పేరే ఉండాలి. వీఎల్‌సీ ప్లేయర్ మీద దాన్ని తయారుచేసే వీడియోల్యాన్ పేరు ఉండాలి. వేరే ఏ పేరు ఉన్నా, సంతకం ఎంత ‘ఓకే’ అన్నా, దాన్ని నడపకు.

నీ ఫైలుకు ఇదే లెక్క వేద్దాం. పీడీఎఫ్ మార్చే ప్రోగ్రామ్‌కు రోజూ సిస్టమ్‌తో పాటే లేచే అప్‌డేటర్ ఎందుకు? సంతకం చేసిన కంపెనీ పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఫోన్‌లో గూగుల్ చెయ్. పీడీఎఫ్ పని చేసే అసలు కంపెనీ అయితే సైటు, అడ్రస్, ఇతర ప్రోడక్టులు కనిపిస్తాయి. తీసేయడం ఎలా అని జనం అడిగే పేజీలే వరసగా వచ్చాయంటే నీకు జవాబు దొరికినట్టే. సర్టిఫికెట్ మొదలైన తేదీ కూడా చూడు. పేరు లేని కంపెనీ, ఈ మధ్యే తీసుకున్న సర్టిఫికెట్, సెర్చ్ పేజీ మారిపోవడం, మూడూ ఒకచోట కలిశాయంటే నాకు పెద్దగా సందేహం ఉండదు. నువ్వు రాసినంత వరకు చూస్తే ఆ అప్‌డేటరే దోషి అని నా అభిప్రాయం.

తేల్చుకోవడానికి ఇంకో మంచి దారి వైరస్‌టోటల్. 2004లో స్పెయిన్‌లో మొదలైంది, 2012 నుంచి గూగుల్ చేతిలో ఉంది. పదుల సంఖ్యలో యాంటీవైరస్‌లు ఒక ఫైలు గురించి ఏమంటున్నాయో ఒకేచోట చూపిస్తుంది. 7-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీసి, ఆ 64 అక్షరాలను అక్కడ సెర్చ్‌లో వెయ్. ఫైలును ఎక్కించాల్సిన పనే లేదు. ఈ మాట నొక్కి చెబుతున్నాను: అనుమానంగా ఉంది కదా అని కస్టమర్ల ఆధార్ పీడీఎఫ్‌లు, మార్కుల మెమోలు అక్కడ అప్‌లోడ్ చేయకు. అక్కడ ఎక్కించిన ఫైళ్లు సెక్యూరిటీ కంపెనీల చేతికి వెళ్తాయి. హ్యాష్ వెతకడంలో ఆ భయం లేదు.

క్రాక్‌ల గురించి కూడా మాట్లాడాలి. డీటీపీ షాపుల్లో క్రాక్ చేసిన పేజ్‌మేకర్, ఫొటోషాప్, యాక్టివేటర్ల సంగతి నాకు తెలియనిది కాదు. క్రాక్ అంటేనే కొనకుండా నడిచేలా అసలు ఫైలును మార్చడం. మార్చగానే హ్యాష్ మారుతుంది, సంతకం ‘నాట్ వ్యాలిడ్’ అవుతుంది. క్రాక్ ఇచ్చినవాడు ‘యాంటీవైరస్ ఆపి వేసుకో’ అని చెబుతాడు, మనం ఆపుతాం. ఆ పది నిమిషాల్లో పేజ్‌మేకర్‌తో పాటు ఇంకేం దిగిందో చెప్పే సాధనం ఏదీ మనకు మిగలదు, ఎందుకంటే సంతకం ఎలాగూ చెడిపోయే ఉంది. అన్నగా అడుగుతున్నాను, ఆధార్ పనులు చేసే సిస్టమ్ మీద క్రాక్ పెట్టకు. డీటీపీకి పాత సిస్టమ్ ఒకటి విడిగా పెట్టుకుని, దానికి ఇంటర్నెట్ ఇవ్వకు.

ఇప్పుడు సంతకంతో పట్టుబడని వాటి గురించి. నీ బాధలో సగం ఇక్కడే ఉండొచ్చు. కుడి మూలన పడే బెట్టింగ్ బాక్సులు చాలాసార్లు ఏ ఫైలూ కాదు. ఏదో సైటు ‘అలో’ నొక్కమంటే నువ్వో, సెంటర్‌కు వచ్చిన ఎవరో నొక్కి ఉంటారు. అవి క్రోమ్ నోటిఫికేషన్లు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరువు. అనుమతి ఉన్న సైట్ల జాబితాలో తెలియనివన్నీ తీసెయ్, కొత్తగా ఏ సైటూ అడగకుండా కూడా ఆపెయ్. ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది’ అనే బాక్సులు కూడా దీనితోనే ఆగిపోయే అవకాశం ఎక్కువ. తర్వాత ఎక్స్‌టెన్షన్లు, అంటే క్రోమ్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు. అవి ఎక్స్ఈ ఫైళ్లు (విండోస్‌లో నేరుగా నడిచే ప్రోగ్రామ్ ఫైళ్లు) కావు, వాటికి ఈ సంతకం ట్యాబ్ ఉండదు. నువ్వు కావాలని పెట్టుకోనిది ఏది ఉన్నా తీసెయ్. క్రోమ్ మెనూ అడుగున ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని కనిపిస్తే జాగ్రత్తపడు. సొంత షాపు సిస్టమ్‌కు ఏ ఆర్గనైజేషనూ ఉండదు. కొన్ని యాంటీవైరస్‌లు పెట్టుకున్నా ఆ మాట వస్తుంది కానీ, నీ దగ్గర అలాంటిది లేకపోతే యాడ్‌వేర్ పాలసీ (మనం మార్చలేని సెట్టింగ్) పెట్టి సెర్చ్ పేజీని కట్టేసిందన్నమాట.

ఇంకొకటి, దీన్ని చూసి చాలామంది తికమక పడతారు. డెస్క్‌టాప్ మీది క్రోమ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ అనే గడి చూడు. క్రోమ్ ఎక్స్ఈ పేరుతో, కొటేషన్ గుర్తుతో అది ముగియాలి. ఆ తర్వాత ఒక ఖాళీ వదిలి ఏదైనా వెబ్‌సైట్ అడ్రస్ ఉంటే, ఐకాన్ నొక్కిన ప్రతిసారీ ఆ సైటే తెరుచుకుంటుంది. క్రోమ్ ఫైలు చూస్తే గూగుల్ ఎల్ఎల్‌సీ సంతకం, ఓకే. ఫైలు అసలుదే, మార్చింది దాన్ని పిలిచే పద్ధతిని. ఆ అదనపు అడ్రస్ చెరిపేసి ఓకే కొట్టు. టాస్క్‌బార్‌లో పిన్ చేసిన ఐకాన్‌కు కూడా విడిగా చూడాలి.

సిస్టమ్‌తో పాటే లేచేవన్నీ ఒక్కచోట చూడాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ అంత మంచిది నాకు ఇంకోటి తెలియదు. సిస్‌ఇంటర్నల్స్ అనే టూల్స్‌లో భాగం. మార్క్ రస్సినోవిచ్ వాళ్లు మొదలుపెట్టారు, 2006లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే తెచ్చుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా తెరువు. ఆప్షన్స్‌లోని స్కాన్ ఆప్షన్స్‌లో ‘వెరిఫై కోడ్ సిగ్నేచర్స్’, ‘చెక్ వైరస్‌టోటల్’ రెండూ టిక్ పెట్టు. తెలియని ఫైళ్లు పంపించే టిక్ మాత్రం పెట్టకు. అప్పుడు అది హ్యాష్‌లు మాత్రమే పంపి అడుగుతుంది. ఆప్షన్స్‌లోనే ‘హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్’ పెడితే జాబితా చాలా తగ్గిపోతుంది. ఇది కేటలాగులు కూడా చూస్తుంది కాబట్టి నోట్‌ప్యాడ్ లాంటి వాటి విషయంలో తప్పుదారి పట్టించదు. గులాబీ రంగు వరసలు సంతకం తేలనివి, పసుపువి ఫైలు లేకుండా మిగిలిపోయినవి. గులాబీ కనిపించగానే నేరం రుజువైనట్టు కాదు, ఒక్కోటి నిదానంగా చూడు.

నీ సెంటర్లో జాగ్రత్తగా వదిలేయాల్సినవి కొన్ని ఉంటాయి. వేలిముద్ర మెషీన్ ఉంటే దాన్ని ఆధార్ పనికి కలిపే ఆర్‌డీ సర్వీస్, జీఎస్టీ కోసం ఎవరైనా ఎక్కించిన డిజిటల్ సంతకాల సాఫ్ట్‌వేర్ ఎమ్‌సైనర్, టోకెన్ డ్రైవర్లు. ఇవన్నీ వెనకాల నిశ్శబ్దంగా నడుస్తూ కొత్తవాళ్లకు అనుమానం కలిగిస్తాయి. వాటి సంతకం మీద ఆ మెషీన్ కంపెనీ పేరో, ఎమ్‌సైనర్ అయితే ఈముద్ర పేరో ఉందా చూసుకుని వదిలెయ్.

షెడ్యూల్డ్ టాస్క్స్ ట్యాబ్‌ను మాత్రం మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచకుండా కూడా ఒకసారి చూడు. అక్కడ స్క్రిప్ట్‌లు (ఆదేశాలు రాసిన ఫైళ్లు) నడిపే పవర్‌షెల్, డబ్ల్యూస్క్రిప్ట్ లాంటివి కనిపిస్తే వాటి సంతకం మైక్రోసాఫ్ట్‌దే ఉంటుంది. కానీ వాటి వెనక ఇచ్చిన స్క్రిప్ట్ యాప్‌డేటాలోదో, ఏదో వెబ్ అడ్రసో అయితే గంట గంటకూ యాడ్‌వేర్‌ను తిరిగి తెచ్చేది అదే.

తీసేసేటప్పుడు ఒక వరస పాటించు. ముందు సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాను ఇన్‌స్టాల్ తేదీ ప్రకారం పెట్టి, కన్వర్టర్‌నూ, అదే రోజు దాంతో పాటు దిగిన తెలియని వాటినీ అన్ఇన్‌స్టాల్ చెయ్. ఆ తర్వాత ఆటోరన్స్‌లో మిగిలిన ఎంట్రీల టిక్ తీసెయ్, డిలీట్ కొట్టకు. టిక్ తీస్తే తప్పు జరిగినా మళ్లీ పెట్టుకోవచ్చు, డిలీట్‌కు వెనక్కి రావడం లేదు. రీస్టార్ట్ చేసి చూడు. ఆపైన మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌డబ్ల్యూక్లీనర్ నడుపు, ఉచితమే. దాని పేరుతో నకిలీలు కూడా తిరిగాయి కాబట్టి నడిపే ముందు సంతకంలో మాల్‌వేర్‌బైట్స్ పేరు చూసుకో, ఇప్పుడు నీకు చూడటం వచ్చు కదా. చివరగా విండోస్ సెక్యూరిటీలో ‘ఆఫ్‌లైన్ స్కాన్’ పెట్టు. సిస్టమ్ రీస్టార్ట్ అయి, సుమారు 15 నిమిషాలు పడుతుంది. క్రోమ్ సెట్టింగ్స్ రీసెట్ చేయడం అన్నిటికీ ఆఖరున. యాడ్‌వేర్ లోపల ఉండగా రీసెట్ చేస్తే అది మళ్లీ మార్చేస్తుంది.

విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకుందని నీకు అనిపించవచ్చు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎక్కడో చిన్న అక్షరాల్లో చెప్పి, నీ చేత ‘ఐ అగ్రీ’ నొక్కించారు కాబట్టి యాంటీవైరస్‌లు ఇలాంటి వాటిని వైరస్ అని నేరుగా అనవు, ‘అక్కర్లేని యాప్’ కోవలో వేస్తాయి. దాన్ని ఆపే స్విచ్ వేరే ఉంది. విండోస్ సెక్యూరిటీలో ‘యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్’, దాంట్లో ‘రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్’ సెట్టింగ్స్ తెరిచి, ‘పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్’ కింద యాప్స్, డౌన్‌లోడ్స్ రెండింటికీ టిక్ ఉందో లేదో చూడు. అసలు పీడీఎఫ్ పనికి ఇలాంటి కన్వర్టర్ల అవసరం కూడా తక్కువ. వర్డ్ 2013 నుంచి పీడీఎఫ్‌ను వర్డే నేరుగా తెరుస్తుంది. పేజ్‌మేకర్‌లో పాత ఫాంట్లతో చేసిన తెలుగు పీడీఎఫ్ అయితే ఏ కన్వర్టర్‌తో వర్డ్‌లోకి తెచ్చినా అక్షరాలు చెదిరిపోతాయి. అవి యూనికోడ్ కాకపోవడమే కారణం, కన్వర్టర్లు మార్చి మార్చి వెతికినా ఫలితం ఉండదు.

ఫార్మాట్ ఒక్కటే దారి అన్న షాపువాళ్లు తొందరపడ్డారనే నా ఉద్దేశం, అయినా కొన్ని సందర్భాల్లో అదే సరైన దారి. స్కాన్‌లో ‘ట్రోజన్’, ‘స్టీలర్’ అనే మాటలున్న పేర్లు వచ్చినా, అన్నీ తీసేశాక కూడా ఆ సెర్చ్ పేజీ తిరిగి వచ్చినా ఇంక ఆలోచించకు, ఫార్మాట్ చేయించు. అప్పుడు ఎలాగూ చేయిస్తున్నావు కాబట్టి, మెషీన్ తట్టుకుంటే విండోస్ 11 వేయించు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఈ మధ్యలో ఎవరి ఖాతాలోంచైనా డబ్బు పోయినట్టు తెలిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయించు, మొదటి గంటల్లో చెబితేనే ఆపే వీలు ఎక్కువ.

బ్యాకప్‌లోకి పేజ్‌మేకర్ డాక్యుమెంట్లు, ఫాంట్ ఫైళ్లు, ఫొటోలు తీసుకో. డౌన్‌లోడ్స్‌లో పడి ఉన్న ఎక్స్ఈ ఫైళ్లు ఒక్కటి కూడా తీసుకోకు, కావలసినవి మళ్లీ అసలు సైట్ల నుంచే తెచ్చుకో. బ్యాకప్‌కు ముందు ఇంకో పని ఉంది. నీ డెస్క్‌టాప్ మీదా, డౌన్‌లోడ్స్‌లోనూ ఎవరెవరివో ఆధార్ కాపీలు, పాస్‌బుక్ స్కాన్‌లు, మెమోలు ఉండే ఉంటాయి. పని అయిపోయినవాళ్లవన్నీ తుడిచేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్. వాట్సాప్ వెబ్ లాగౌట్ చేసి, దాని గుండా వచ్చిన డాక్యుమెంట్ల ఫోల్డర్ కూడా చూడు, అక్కడే ఎక్కువ మిగిలిపోతాయి.